గోడ ఊరిది, బొమ్మ ఎవరిది?

1967 డిసెంబరు 17న స్విట్జర్లాండ్‌లోని బేసెల్‌లో జనం ఓటు వేశారు. నాయకుణ్ణి ఎన్నుకోవడానికి కాదు. పికాసో వేసిన రెండు బొమ్మలు కొనడానికి ఖజానా నుంచి 60 లక్షల ఫ్రాంకులు ఇవ్వాలా, వద్దా అన్నదే ప్రశ్న. ఇమ్మన్నవాళ్లు 32,118 మంది. వద్దన్నవాళ్లు 27,190 మంది.

కళాభిమానులు ఈ కథను ఎంతో మురిపెంగా చెప్పుకుంటారు. ఆధునిక చిత్రకళ కోసం ఓటేసిన ఊరు మరి! నన్ను పట్టి ఆపేది మాత్రం ఆ గెలుపు కాదు, దానికి ముందున్న సంగతి. ఆ రెండు బొమ్మలూ అప్పటికే ఏళ్ల తరబడి ఆ ఊరి మ్యూజియం గోడ మీదే ఉన్నాయి. బడి పిల్లలుగా ఉన్నప్పుడు చూసినవాళ్లే పెద్దయ్యాక ఓటేయడానికి వచ్చారు. తమ మ్యూజియంలో, తమ గోడ మీద ఉన్న బొమ్మను ఆ ఊరు మళ్లీ ఎందుకు కొనుక్కోవాల్సి వచ్చింది?

జవాబు బొమ్మ పక్కన అంటించిన చిన్న చీటీలో ఉంది. చిత్రకారుడి పేరు, బొమ్మ పేరు, ఏడాది చదివి మనం పక్కకు జరిగిపోతాం. చివరి పంక్తి ఎవరూ చదవరు. ఆ పంక్తిలో 'డెపోజిటుమ్' అని రాసి ఉండేది. మనం బ్యాంకులో వేసే డిపాజిట్ లాంటిదే, మాట కూడా అదే. డిపాజిట్ వేసినవాడు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీసుకోవచ్చు.

ఆ బొమ్మలు రుడాల్ఫ్ స్టాషెలిన్ అనే బేసెల్ వ్యాపారివి. ఆయన 1881లో పుట్టి 1946లో పోయాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా గోగాన్, వాన్ గో, సెజాన్, పికాసో వంటి చిత్రకారుల పనులు, అంటే వాళ్ల కళాకృతులు, కొన్నాడు. ఆస్తి పంపకాల్లో అవి చెల్లాచెదురు కాకుండా ఒక కుటుంబ ట్రస్టు పేరిట పెట్టాడు. ఆయన తర్వాత వాటిలో ముఖ్యమైనవి బేసెల్ కున్‌స్ట్‌మ్యూజియానికి చేరాయి. 'కున్‌స్ట్' అంటే కళ. అది ప్రభుత్వ మ్యూజియం. కుటుంబానికి భద్రత, ఊరికి కనులపండుగ. అందరూ సంతోషించారు, కాగితం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

గుర్తు చేసింది ఒక విమాన ప్రమాదం. 1967 ఏప్రిల్ 20న గ్లోబ్ ఎయిర్ అనే బేసెల్ కంపెనీ విమానం బాంకాక్ నుంచి కొలంబో, బొంబాయి మీదుగా ఇంటికి వెళ్తూ, సైప్రస్‌లోని నికోసియా దగ్గర ఉరుముల వానలో కూలిపోయింది. 126 మంది చనిపోయారు. ఆ కంపెనీలో ప్రధాన వాటాదారు రుడాల్ఫ్ కొడుకు పీటర్ స్టాషెలిన్. కంపెనీ దివాలా తీసింది. కుటుంబానికి ఉన్నపళంగా డబ్బు కావాల్సి వచ్చింది. మన ఇళ్లలో కష్టం వస్తే బీరువాలో బంగారం వైపు చూస్తాం. వాళ్ల బంగారం మ్యూజియం గోడ మీద ఉంది.

మొదట వాన్ గో బొమ్మ ఒకటి వెళ్లిపోయింది. తర్వాత వంతు రెండు పికాసోలది. ఒకటి 1906లో వేసిన 'ఇద్దరు అన్నదమ్ములు', ఇంకొకటి 1923 నాటి 'కూర్చున్న హార్లెక్విన్'. వాటిని బేసెల్‌కే అమ్మడానికి కుటుంబం సిద్ధమే, కానీ ధర 84 లక్షల ఫ్రాంకులు. ఖజానా నుంచి 60 లక్షలు ఇవ్వడానికి చట్టసభ ఒప్పుకుంది. మిగతా 24 లక్షలు జనం దగ్గర పోగు చేయాలి.

అప్పుడు బేసెల్ చేసిన పని నాకు మన ఊళ్లలో గుడి జీర్ణోద్ధరణకు చందాలు ఎత్తడాన్ని గుర్తు తెస్తుంది. నవంబరు 25న 'బిచ్చగాళ్ల పండుగ' అని పేరు పెట్టి ఊరంతా వీధుల్లోకి వచ్చింది. పేరున్నవాళ్లు కూడా చెప్పులు పాలిష్ చేసి డబ్బు అడిగారు. కుర్రాళ్లు పికాసో పేరుతో బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగారు. చందాల లెక్క పూర్తయింది. ఖజానా వాటా మీద మాత్రం ఊరంతా ఒక్క మాట మీద లేదు. పన్నుల డబ్బు బొమ్మలకు పోయడమేమిటని గిట్టనివాళ్లు సంతకాలు సేకరించి విషయాన్ని ప్రజల ఓటుకు లాగారు. స్విస్ పద్ధతిలో చట్టసభ నిర్ణయాన్ని అలా ప్రజల ముందుకు లాగే హక్కు పౌరులకు ఉంది. పక్కన ఇంకో మాట కూడా చెప్పాలి. బేసెల్‌లో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది అంతకు ముందు ఏడాదే, 1966లో. దేశం మొత్తానికి అది రావడానికి 1971 దాకా పట్టింది. పికాసో కోసం బారులు తీరినవాళ్లలో కొత్తగా ఓటు చేతికొచ్చిన ఆడవాళ్లూ ఉన్నారు.

ఫలితం తెలిసి పికాసో కదిలిపోయాడు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు. దక్షిణ ఫ్రాన్స్‌లోని మూజాన్‌లో ఉన్న తన ఇంటికి మ్యూజియం డైరెక్టర్ ఫ్రాంజ్ మేయర్‌ను పిలిపించి, బేసెల్ యువతకు కానుకగా నాలుగు పనులు ఇచ్చేశాడు. రెండు కొన్న ఊరికి నాలుగు వచ్చాయి.

ఆ నాలుగింటికీ డిపాజిట్‌కూ మధ్య తేడా దగ్గరే అసలు చిక్కు ఉంది. పికాసో ఇచ్చింది దానం. ఇచ్చిన క్షణం నుంచి అవి ఊరివి. ఆయన వారసులకు వాటి మీద హక్కు లేదు. స్టాషెలిన్ కుటుంబం పెట్టింది అరువు. మనవాళ్ల భాషలో చెప్పాలంటే ఒకటి దత్తత, ఇంకొకటి పిల్లవాణ్ణి అమ్మమ్మ ఇంట్లో ఉంచి చదివించడం. రెండు చోట్లా పిల్లవాడు అక్కడే తింటాడు, అక్కడే పడుకుంటాడు, ఊరంతా వాణ్ణి ఆ ఇంటివాడే అనుకుంటుంది. దసరా సెలవులకు తండ్రి వచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్తే గానీ తేడా తెలియదు.

జర్మన్ మాట్లాడే దేశాల్లో దీనికి 'డవర్‌లైగాబె' అనే మాట వాడతారు. శాశ్వత అరువు అని అనువదిస్తుంటారు. నన్నడిగితే మ్యూజియాల నిఘంటువులో ఇంతకన్నా మోసపుచ్చే మాట లేదు. శాశ్వతమైనది అరువు కాదు, అరువైనది శాశ్వతం కాదు. చట్టం కళ్లకు అది ఎక్కువ కాలం సాగే అరువు, అంతే. ఎంత కాలం, ఎప్పుడు తెంచుకోవచ్చు, ఎవరు ముందుగా నోటీసు ఇవ్వాలి అన్నవన్నీ ఒప్పందంలో ఏం రాసుకున్నారన్న దాని మీదే ఆధారపడతాయి. వార్తల్లో 'ఫలానా ధనికుడు తన సేకరణను మ్యూజియానికి అప్పగించాడు' అని వచ్చినప్పుడు, అప్పగించాడు అన్న ఆ ఒక్క క్రియలో దానమూ ఇమిడిపోతుంది, పదేళ్ల అరువూ ఇమిడిపోతుంది. విలేకరి తప్పేమీ లేదు. ఆ మాటే అంత వదులుగా ఉంది.

మన పెద్దవాళ్లు ఈ సంగతి ఎప్పుడో తేల్చేశారు. 'ఎరువుల సొమ్ము బరువుల చేటు, తీయా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు' అన్నారు. పొలానికి వేసే ఎరువు కాదు, పెళ్లికి అడిగి తెచ్చుకున్న నగలు. మోస్తే బరువు, తీసి పెట్టుకుంటుంటే ఒళ్లంతా నొప్పి, ఒక్కటి పోతే జీవితమంతా అప్పు. అరువు బొమ్మలు వేలాడదీసుకున్న మ్యూజియం పరిస్థితి అచ్చం ఇదే. కాపలా తనది, బీమా తనది, గదిలో వేడీ తేమా అదుపులో ఉంచడం తన పని, రంగు పెచ్చులూడితే బాగుచేయించే నిపుణులూ తనవాళ్లే. సొమ్ము మాత్రం తనది కాదు.

అయినా మ్యూజియాలు ఎందుకు ఒప్పుకుంటాయి? కొనలేవు కనుక. పేరున్న ఒక్క ఆధునిక చిత్రం ఈ రోజు వేలానికి వస్తే పలికే ధరకు చాలా ప్రభుత్వ మ్యూజియాల పాతికేళ్ల కొనుగోలు బడ్జెట్టూ చాలదు. యజమానికి లాభం ఇంకా స్పష్టం. ఇంట్లో దాచుకుంటే తాళాలు, బీమా, దొంగల భయం. మ్యూజియంలో పెడితే పండితులు వ్యాసాలు రాస్తారు, పుస్తకాల్లో అచ్చవుతుంది, లక్షల మంది చూస్తారు. అలా పెరిగిన పేరు రేపు అమ్మేనాటికి ధర అవుతుంది. ప్రజల డబ్బుతో కాపాడి పేరు తెచ్చిన బొమ్మ మీద వచ్చిన పెరుగుదల అంతా ప్రైవేటు జేబులోకే పోతుంది. దీన్ని అన్యాయం అనను. ఆ పెరుగుదల సంగతి ఒప్పందం రాసే రోజునే బల్ల మీద పెట్టాలి, చాలాసార్లు పెట్టరు అంటాను. పెద్దమనిషి వాకిట్లోకి వచ్చి తన బొమ్మలు ఇస్తానంటుంటే షరతులేమిటని అడగడం మర్యాద కాదనిపిస్తుంది కదా!

మళ్లీ బేసెల్ వెళ్దాం, ఈసారి 2015కు. మ్యూజియం పక్కన కొత్త భవనం కడుతున్నారు. పాత భవనానికీ మరమ్మతులు కావాలి. అందుకని ఆ ఫిబ్రవరిలో తలుపులు మూశారు, 2016 ఏప్రిల్‌లో మళ్లీ తెరిచారు. ఆ మూసివేత నేపథ్యంలో, తాత పేరే పెట్టుకున్న మనవడు రుడాల్ఫ్ స్టాషెలిన్ అరువు ఒప్పందం రద్దు చేసుకున్నాడు. కొత్త షరతుల మీద ప్రభుత్వంతో మాట కుదరలేదు. అర్ధ శతాబ్దం పాటు ఆ ఊరి కంటి ముందున్న గోగాన్ చిత్రం 'నఫేయా ఫా ఇపోయిపో' అమ్ముడైంది. 1892లో తాహితీ దీవిలో వేసిన బొమ్మ అది. 'పెళ్లెప్పుడు చేసుకుంటావు?' అని ఆ పేరుకు అర్థం. పచ్చని నేల మీద ఇద్దరు ఆడపిల్లలు, ముందున్న పిల్ల చెవి వెనక తెల్లటి పువ్వు. ధర 30 కోట్ల డాలర్లని మొదట ప్రపంచమంతా చెప్పుకుంది. తర్వాత కమీషన్ గొడవ లండన్ కోర్టుకెక్కినప్పుడు అసలు ధర 21 కోట్ల డాలర్లని బయటపడింది. కొన్నది ఖతర్ వాళ్లని వార్తలు వచ్చాయి.

ఈసారి ఓటు లేదు, బిచ్చగాళ్ల పండుగ లేదు. 84 లక్షల ఫ్రాంకులకు చెప్పులు పాలిష్ చేయవచ్చు, 21 కోట్ల డాలర్లకు ఎన్ని జతలు పాలిష్ చేస్తారు? 1967 కథను ఆదర్శంగా చెప్పేవాళ్లు ఈ లెక్క చూడరు. ఆ ఓటు గెలవడానికి బేసెల్ జనం కళాభిమానం ఎంత కారణమో, అప్పటి ధరలు ఒక ఊరి చేతికి అందేటట్టు ఉండటమూ అంతే కారణం. అమ్మిన మనవడి మీద కోపం రావచ్చు, నాకైతే రాలేదు. ప్రైవేటు సేకరణలు మనుషుల్లాంటివే, కలకాలం బతకవు అన్న అర్థంలో ఆయన అన్నాడు. అది సాకు కాదు, నిజం. తాత ఇష్టపడి కొన్న బొమ్మ మూడో తరానికి ఆస్తి అవుతుంది. ఆస్తి అన్నాక వాటాదారులుంటారు.

అలాగని ప్రతి అరువూ ఇలాగే ముగియదు. అదే ఊరిలో, అదే మ్యూజియంలో దానికి ఉదాహరణ ఉంది. రోష్ మందుల కంపెనీ స్థాపకుడి కొడుకు ఇమాన్యుయెల్ హాఫ్‌మన్ 1932లో కారు ప్రమాదంలో పోయాడు. మరుసటి ఏడాది ఆయన భార్య మాయా భర్త పేరిట ఒక ఫౌండేషన్ పెట్టింది. అప్పటికి జనానికి ఇంకా అర్థం కాని, రాబోయే కాలపు భాషలో మాట్లాడే కళాకారుల పనులు కొనడం దాని ఉద్దేశం. 1941 నుంచి ఆ సేకరణ కున్‌స్ట్‌మ్యూజియంలో అరువుగా ఉంది. తర్వాత సంగీత నిర్వాహకుడు పాల్ సాకర్‌ను పెళ్లి చేసుకుని ఆమె మాయా సాకర్ అయింది. 1967లో పికాసో నాలుగిచ్చినప్పుడు తన దగ్గరున్న ఒక పికాసోను కూడా మ్యూజియానికి ఇచ్చేసింది.

ఎనభై ఏళ్లు దాటినా ఆ అరువు చెక్కు చెదరలేదు. కుటుంబం పెద్ద మనసున్నది కావడం ఒక కారణమే. ఇంకో కారణం, ఆ బొమ్మలు మనుషులవి కావు, ఉద్దేశం రాసిపెట్టిన ఒక ఫౌండేషన్‌వి. మరి స్టాషెలిన్‌లదీ ట్రస్టే కదా అనవచ్చు. నిజమే, పేరుకు రెండూ ఒకటే. ఒకటి కుటుంబం కోసం బొమ్మల్ని కాపాడే ట్రస్టు. రెండోది కొత్త కళను సేకరించి జనానికి చూపించడం కోసం పుట్టింది. ట్రస్టు, ఫౌండేషన్ అన్న బోర్డు చూసి మోసపోకూడదు. అది ఎవరి మేలు కోసం అన్నది లోపలి కాగితంలో ఉంటుంది. హాఫ్‌మన్ సేకరణలో ప్రదర్శనకు పెట్టని పనుల కోసం 2003లో ఊరి శివారున 'షౌలాగర్' అనే కట్టడం కూడా లేచింది. గోదాముకూ మ్యూజియానికీ మధ్య రకం అది. బొమ్మల్ని పెట్టెల్లో కట్టి పడేయకుండా, పరిశోధకులు వచ్చి చూసేలా విప్పి ఉంచుతారు.

విడ్డూరమేమిటంటే, 2015లో మ్యూజియం తలుపులు మూయడానికి ఒక కారణమైన ఆ కొత్త భవనానికి సగం ఖర్చు పెట్టింది మాయా మనవరాలి ఫౌండేషనే. ఒక కుటుంబం డబ్బుతో కడుతున్న గోడల కోసం మూసిన తలుపుల్లోంచి మరో కుటుంబం బొమ్మలు బయటికి నడిచాయి.

అరువు ఎంత దూరం బెడిసికొట్టగలదో చూడాలంటే లిస్బన్ వెళ్లాలి.

జో బెరార్దో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవిలో పుట్టి, దక్షిణాఫ్రికాలో సంపాదించి తిరిగొచ్చిన వ్యాపారి. పికాసో, డాలీ, డ్యూషాఁ, బేకన్, వార్‌హోల్ అందరూ ఉన్న పెద్ద ఆధునిక కళా సేకరణ ఆయనది. పోర్చుగల్‌లో ఆ స్థాయి సేకరణ మరొకటి లేదు. 2006లో ప్రభుత్వం ఆయనతో ఒప్పందం చేసుకుంది. 862 పనులు పదేళ్లపాటు అరువు. ప్రదర్శనకు ప్రభుత్వ సొత్తయిన బెలేమ్ సాంస్కృతిక కేంద్రం. నడిపే ఖర్చులో ప్రభుత్వం చేయి. క్రిస్టీస్ వేలం సంస్థ సేకరణ విలువ 31.6 కోట్ల యూరోలని లెక్కగట్టింది. గడువులోగా ఆ ధరకు కొనుక్కునే వీలు కూడా ప్రభుత్వానికి ఉంది. 2007 జూన్‌లో మ్యూజియం తెరిచారు, పేరు బెరార్దో సేకరణ మ్యూజియం. ఏళ్ల తరబడి ప్రవేశం ఉచితం. జనం విరగబడి వచ్చారు.

కాగితం మీద ఇది బేసెల్ ఒప్పందం కన్నా తెలివైనదే. గడువుంది, కొనే హక్కుంది, ముందే తేల్చిన ధరుంది. ఎవరూ లెక్కలోకి తీసుకోనిది అప్పు. ఆయన బ్యాంకుల నుంచి పెద్ద మొత్తాలు తెచ్చి ఒక బ్యాంకు షేర్లలో పెట్టాడు. 2008 సంక్షోభంలో ఆ షేర్లు కుప్పకూలాయి. బ్యాంకులకు హామీగా ఉన్నవాటిలో ఈ సేకరణ కూడా ఉంది, అయితే తిన్నగా కాదు. బొమ్మల యజమాని ఒక సంఘం. బ్యాంకుల చేతిలో ఉన్నది ఆ సంఘంలోని హక్కు పత్రాలు. బొమ్మలు తాకట్టు పెట్టడం, బొమ్మలున్న సంఘం కాగితాలు తాకట్టు పెట్టడం ఒకటి కాదు. ఇల్లు తాకట్టు పెట్టుకున్నామనుకుని ఇంటి సంఘంలో సభ్యత్వ కార్డు పెట్టుకున్నట్టు! 2019లో మూడు బ్యాంకులు కలిసి 96.2 కోట్ల యూరోల బాకీ కోసం కోర్టుకెక్కాయి. ఆ మే నెలలో పార్లమెంటు కమిటీ పిలిస్తే ఆయన వచ్చి, వ్యక్తిగతంగా తనకు అప్పులే లేవన్నాడు. టీవీలో చూసిన దేశం మండిపడింది. జులైలో కోర్టు సేకరణను జప్తు చేసింది.

ఇక్కడ కాస్త ఆగి చూడండి. బొమ్మలు గోడ మీదే ఉన్నాయి. పిల్లలు బడి బస్సుల్లో వస్తూనే ఉన్నారు. చీటీ మీద మాటా మారలేదు. కానీ ఆ గోడ మీదున్నది ఇప్పుడు ఒకరి సంఘానికి చెంది, ముగ్గురు అప్పులవాళ్లు కోరుతున్న, కోర్టు జప్తులో ఉన్న, ప్రభుత్వం కాపలా కాస్తున్న ఆస్తి. ఎవరూ అమ్మలేరు, ఎవరూ తీసుకెళ్లలేరు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ సేకరణ దేశం దాటి పోకుండా ఆ కొన్నేళ్లు కాపాడింది ఒప్పందంలోని తెలివైన షరతులేవీ కావు, ఆ జప్తే. 2016లో పొడిగించిన గడువు 2022 చివరితో ముగుస్తుందనగా, ఇక పొడిగించబోమని ప్రభుత్వం ముందే తేల్చి చెప్పింది. 2023 జనవరి నుంచి ఆ మ్యూజియం మళ్లీ బెలేమ్ కేంద్రం చేతికొచ్చింది. ఆ అక్టోబరులో కొత్త పేరుతో తెరిచారు. బెరార్దో పేరు తలుపు మీద లేదు, బొమ్మలు మాత్రం లోపలే ఉన్నాయి. పక్కనే మరికొన్ని సేకరణలూ చేరాయి.

తలుపు మీద పేరన్నాను కదా, షరతులకు అది ఒక రకం. శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియానికి గ్యాప్ బట్టల కంపెనీ స్థాపకులు డోనాల్డ్, డోరిస్ ఫిషర్ దంపతుల 1,100 పనులు నూరేళ్ల అరువుగా వచ్చాయి. నూరేళ్లంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. తర్వాత షరతులు బయటికొచ్చాయి. ఆ సేకరణకు కేటాయించిన గదుల్లో వేలాడే పనుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు ఫిషర్లవే ఉండాలి. అంటే అక్కడ ఏం పెట్టాలన్నది క్యురేటర్, అంటే ప్రదర్శనకు పనులు ఎంచే మ్యూజియం నిపుణుడు, ఒక్కరే తేల్చే విషయం కాదు. ఇల్లు మనదే, వంటిల్లు మాత్రం చుట్టం చేతిలో.

ఇంకో రకం చిక్కు బొమ్మ పుట్టుపూర్వోత్తరాలది. స్విట్జర్లాండ్‌లోనే ఉన్న జ్యూరిక్ కున్‌స్ట్‌హౌస్ అనే కళా మ్యూజియం 2021లో కొత్త భవనం తెరిచి, నాజీ జర్మనీకి కూడా ఆయుధాలు అమ్మి కోట్లు గడించిన ఎమిల్ బ్యూర్లె సేకరణ నుంచి 203 పనులు అందులో అరువుగా పెట్టింది. వాటిలో ఎన్ని యూదుల ఇళ్ల నుంచి, ఏ పరిస్థితుల్లో చేతులు మారాయో తేల్చకుండానే పెట్టారని దుమారం రేగింది. ఒప్పందం రహస్యంగా ఉంచడం అగ్నికి ఆజ్యం పోసింది. చివరకు చరిత్రకారుడు రఫాయెల్ గ్రాస్‌తో స్వతంత్ర విచారణ చేయించారు. ఒకప్పుడు యూదుల చేతిలో ఉన్నవి 62 పనులని 2024లో ఆయన నివేదిక చెప్పింది. అరువు బొమ్మతో పాటు దాని గతం కూడా ఊరి నెత్తికెక్కుతుంది. ప్రైవేటు గోడ మీదుంటే అడిగేవాళ్లుండరు, ప్రజల గోడ మీదకొస్తే అడగక మానరు. ఒక విధంగా అది మంచిదే.

హైదరాబాద్ వాళ్లకు ఈ గొడవలన్నీ దూరపు కొండల్లా కనిపించవచ్చు. సాలార్ జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు కింద కూర్చుని ఎదురుచూసినవాళ్లలో, ఇదంతా ఒకే మనిషి సొత్తని తెలిసినవాళ్లే ఎక్కువ. ఆ సొత్తు మనదెలా అయిందో తెలిసినవాళ్లు తక్కువ. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న పెళ్లి కాకుండానే, నేరుగా వారసులు లేకుండానే పోయాడు. ఆధునిక కళ కాదు గానీ, అంత సేకరణ ఒక్క దివాణంలో పోగుపడిన సందర్భాలు ప్రపంచంలోనే అరుదు. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి దివాన్ దేవిడీలోనే దాన్ని మ్యూజియంగా తెరిచాడు. అప్పటికి అది ఎవరిదన్నది తేలలేదు. అందరికీ చూపిస్తున్నారు, యాజమాన్యం మాత్రం గాలిలో ఉంది. బంధువులతో రాజీ కుదిరి, హైకోర్టు ద్వారా ప్రభుత్వపరం అయ్యేసరికి 1958 వచ్చింది. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చారు. అంటే అక్కడి మేలిముసుగు రెబెకా శిల్పం దగ్గర నిలబడినప్పుడు, తరాలు మారాక ఎవరైనా వచ్చి పట్టుకుపోతారన్న భయం మనకు లేదు. దానికి కారణం ఒక రాజీ పత్రం, ఒక చట్టం.

నిజాం నగలది దీనికి తిరగేసిన కథ. ఏడో నిజాం ట్రస్టు చేసి ఉంచిన 173 నగల్ని ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యం తర్వాత 1995లో కేంద్రం 218 కోట్ల రూపాయలిచ్చి కొంది. యాజమాన్యం మీద ఇప్పుడు ఎవరికీ అనుమానం లేదు, అవి ప్రజలవి. కానీ ఉండేది రిజర్వు బ్యాంకు ఖజానాలో. హైదరాబాద్‌లోనూ ఢిల్లీలోనూ ఏ కొన్నిసార్లో ప్రదర్శనకు తెచ్చారు, చివరగా 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో పెట్టినట్టు గుర్తుండే ఉంటుంది. బేసెల్ వాళ్లు తమవి కాని బొమ్మల్ని యాభై ఏళ్లు రోజూ చూశారు. మనం మనవే అయిన నగల్ని ఎప్పుడో ఒకసారి చూస్తున్నాం. ఏది మేలంటే నేను తడుముకోను, బేసెల్ వాళ్లదే. కళ్ల ముందు యాభై ఏళ్లున్న బొమ్మ పోయినా ఆ యాభై ఏళ్లు పోవు.

కనుక అరువే వద్దని మ్యూజియాలు తలుపులు మూసుకోవాలని నేననను. 1661లో బాసిలియస్ ఆమెర్‌బాఖ్ సేకరణ ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోబోతుంటే 9,000 తాలర్లు (అప్పటి వెండి నాణేలు) పోసి కొనుక్కున్న ఊరు బేసెల్. ఆ మ్యూజియం పుట్టిందే అలా. 1939లో నాజీలు 'భ్రష్ట కళ' అని పారేసిన వాటిలోంచి 50,000 ఫ్రాంకులతో 21 పనులు కొనుక్కున్నదీ అదే ఊరు. కొనగలిగినప్పుడు కొంది, లేనప్పుడు అరువు తెచ్చుకుంది, రెంటికీ మధ్య తేడాను కష్టపడి నేర్చుకుంది. నేను అడిగేది చాలా చిన్నది. ప్రజల డబ్బుతో కాపాడే ప్రైవేటు బొమ్మల ఒప్పందం ప్రజలకు కనిపించాలి. గడువెంత, నోటీసెంత, అమ్మదలిస్తే ముందు ఊరిని అడగాలా, అప్పుల్లో పడితే ఏమవుతుంది, మ్యూజియం బాగుచేయించిన ఖర్చు తిరిగొస్తుందా? ఇవేవీ వ్యాపార రహస్యాలు కావు. ఇంటి అద్దె కాగితంలో ఇంతకన్నా ఎక్కువ రాసుకుంటాం మనం.

1967లో కొన్న రెండు పికాసోలు బేసెల్ కున్‌స్ట్‌మ్యూజియంలోనే ఉన్నాయి, సొంత సొత్తుగా. మ్యూజియం సొంత గోగాన్ 'తా మతేతే' కూడా అక్కడే ఉంది. స్టాషెలిన్ సేకరణలో మిగిలినవి మాడ్రిడ్, వాషింగ్టన్ తిరిగి, చివరకు ఊరికి దగ్గరలోనే రీహెన్‌లోని బెయెలర్ ఫౌండేషన్ మ్యూజియానికి చేరాయి. అదొక కళా వ్యాపారి కట్టిన ప్రైవేటు సంస్థ. బేసెల్ నడిబొడ్డు నుంచి ఆరో నంబరు ట్రామ్ ఎక్కితే దాని గుమ్మం ముందే దింపుతుంది. మొత్తం 19 పనులు. అక్కడ కూడా అరువుకే.